నీళ్లు పొడవాటి గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయని చిన్నపిల్లలు ఎందుకంటారు?

ఆకారం మారినా పరిమాణం మారదన్న అవగాహన పిల్లల్లో సాధారణంగా ఆరేడేళ్లకు గానీ స్థిరపడదు, అందుకే అలా అంటారు. అప్పటిదాకా వాళ్ల చూపు నీటి ఎత్తు మీదే నిలుస్తుంది. గ్లాసు సన్నగా ఉందన్న సంగతిని దానితో కలిపి ఆలోచించలేరు. ఆ నీళ్లనే వెనక్కి పోస్తే మళ్లీ పాత మట్టానికి వస్తాయని ఊహించుకోవడమూ కష్టమే. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే దీన్ని ఎన్నో ప్రయోగాలతో చూపించారు.

నాణేలతోనూ ఇంతే. రెండు సమాన వరుసలు పేర్చి ఒకదాన్ని కాస్త ఎడంగా జరపండి: నాలుగేళ్ల బిడ్డ పొడవాటి వరుసలోనే ఎక్కువున్నాయంటుంది, లెక్కపెట్టడం వచ్చినా సరే.

చాలామంది దీన్ని తెలివితక్కువతనం అనుకుంటారు, అది పొరపాటు. ఎదుగుదలలో ఇదొక మామూలు దశ. గద్దించి సరిదిద్దే బదులు నీళ్లు అటూ ఇటూ పోసుకోనివ్వండి.