నూట అరవై ఎకరాల అడవి, మంచి కారు ధరకి: కొనమంటారా?

ప్రశ్న: మాది కోనసీమ. కెనడాలో, ఉత్తర ఒంటారియోలోని టిమ్మిన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. గ్రామీణ వలస పైలట్ అనే ప్రయోగ పథకం కింద పీఆర్‌కి (శాశ్వత నివాస హక్కుకి) దరఖాస్తు పెట్టాం. కాక్రేన్ వైపు 160 ఎకరాల అడవి భూమి మంచి కారు ధరకి అమ్మకానికి ఉంది. అడవి కొట్టి సాగు చేసేవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందని కూడా విన్నాం. ఊళ్ళో నాన్నగారు రెండెకరాలు అమ్మి డబ్బు పంపుతానంటున్నారు. కొనమంటారా? గోంగూర, బెండ పండుతాయా?

జవాబు: నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి ఆ రెండెకరాలు అమ్మొద్దని చెప్పండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు పీఆర్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 2025 జనవరిలో మొదలైన ఆ పైలట్‌లో ఉత్తర ఒంటారియో నుంచి టిమ్మిన్స్, సడ్‌బరీ, నార్త్ బే, సూ సెయింట్ మరీ, థండర్ బే ఉన్నాయి. అది మీ ఉద్యోగాన్ని చూసి ఇచ్చేది, మీ పొలాన్ని చూసి కాదు. సొంత వ్యవసాయం అందులో లెక్కకి రాదు. ఫార్మ్ నడిపేవాళ్ళకి పీఆర్ ఇచ్చే పాత దారిని 2018లోనే మూసేశారు. పీఆర్ లేనివాళ్ళు ఇళ్ళు కొనడం మీద ఆంక్షలున్నాయి, పన్నులున్నాయి. ఆ రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి లాయర్ని అడగండి. పీఆర్ చేతికొచ్చేదాకా ఉద్యోగం మాత్రం కదపొద్దు.

ప్రభుత్వ సాయం మాట కొత్తది కాదు. 1900లో ఒంటారియో ప్రభుత్వం సర్వేకి మనుషుల్ని పంపితే, ఉత్తరాన ఒకటిన్నర కోటి ఎకరాలకు పైగా సాగుకి పనికొచ్చే బంకమట్టి నేల ఉందని తేల్చారు. దాన్నే క్లే బెల్ట్ అంటారు. 1908కి రైలు కాక్రేన్ దాకా వచ్చింది. 1917లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి కాపుస్కేసింగ్ దగ్గర తలా 100 ఎకరాలు, 500 డాలర్ల దాకా అప్పు ఇచ్చి పొమ్మన్నారు. మూడేళ్ళు తిరక్కుండానే చాలామంది వెళ్ళిపోయారు, 1920లో విచారణ సంఘం వేయాల్సొచ్చింది. 1932లో, పనుల్లేని పట్నం కుటుంబాలకి తలా 600 డాలర్లు ఇచ్చి మళ్ళీ పంపారు. కేంద్రం, రాష్ట్రం, మునిసిపాలిటీ ఆ డబ్బుని మూడు వాటాలుగా పంచుకున్నాయి. పక్కనే క్యుబెక్ 1935లో వోత్రాన్ పథకం పేరుతో కోటి డాలర్లు కేటాయించి తన అబిటిబి ప్రాంతం వైపు జనాన్ని తోలింది.

అన్నిచోట్లా జరిగింది ఇంచుమించు ఒకటే. నేల మీదున్న కలప కొట్టి పేపర్ మిల్లుకి అమ్ముకున్నన్నాళ్ళు చేతిలో డబ్బు ఆడింది. కలప అయిపోయేసరికి మిగిలింది మొద్దులు, నీళ్ళు నిలిచిన బంకమట్టి, జూన్‌లో ఒకసారి ఆగస్టులో ఒకసారి పడే ఫ్రాస్ట్, అంటే పైరుని మాడ్చేసే గడ్డకట్టే చలి. భూమికీ మొదట్లో నిలదొక్కుకోడానికీ సాయం అందిందే గానీ, కలప అయిపోయాక మొదటి పంట డబ్బు వచ్చేలోపు బతకడానికి చాలినంత సాయం అందలేదు. ఇప్పుడూ అంతే.

ఇంకొకటి. దీన్ని ‘ఖాళీ అడవి’ అనుకోకండి. ఇదంతా క్రీ, ఒజిబ్వే అనే ఆదివాసీ ప్రజల నేల. 1905-06లో వాళ్ళకీ ప్రభుత్వానికీ మధ్య కుదిరిన తొమ్మిదో ఒడంబడిక పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వ భూమిని సాగుకి అడిగితే ముందు వాళ్ళతో సంప్రదింపులు జరగాలి, దానికి సంవత్సరాలు పడుతుంది. మీరు చూసింది పట్టా ఉన్న ప్రైవేటు భూమి కాబట్టి ఆ ఆలస్యం లేదు. కానీ పట్టాలో ఏముందో చదవాలి. ఈ ప్రాంతంలో చాలా పట్టాలు నేల పైభాగానికి మాత్రమే హక్కు ఇస్తాయి. కింది ఖనిజం హక్కు వేరు. ఆ హక్కు మీకు లేకపోతే మీ పొలం మీద ఇంకొకరు మైనింగ్ క్లెయిమ్ నమోదు చేసుకోవచ్చు. టిమ్మిన్స్ లాంటి బంగారు గనుల ఊళ్ళో ఉంటూ ఈ మాట అడక్కుండా సంతకం పెట్టేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. కొన్ని పాత పట్టాల్లో చెట్లు కూడా ప్రభుత్వానివే.

ఇక అసలు పని. కోనసీమ ఒండ్రునేల చూసిన కళ్ళకి ఇక్కడి మట్టి కూడా బాగుందనిపిస్తుంది. రాయి పెద్దగా ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. చిక్కంతా ఆ బల్లపరుపులోనే. నీళ్ళకి పోయే దారి ఉండదు. బంకమట్టి మీద నల్లటి పీట్ పొర, అంటే నాచూ ఆకూ సగం కుళ్ళి పేరుకున్న పొర, ఉంటుంది. అది అడుగులోపు ఉంటే దున్ని మట్టిలో కలిపేయొచ్చు. రెండడుగులు దాటితే ఆ మడిని వదిలేయండి, దాని మీద డబ్బు పోయొద్దు. నల్ల స్ప్రూస్, టామరాక్ చెట్లు గుబురుగా ఉన్నచోట పీట్ లోతు ఎక్కువని అర్థం. పోప్లర్ చెట్లు నిటారుగా, లావుగా పెరిగినచోట నీరు కాస్త పోతుందని గుర్తు. మే నెలాఖరులో పార, బూట్లు, దోమతెర తీసుకెళ్ళి ఎకరానికొక గొయ్యి తవ్వి చూడండి. ఆ రోజుల్లో నల్ల ఈగలు చెవుల్లో దూరతాయి, అయినా ఆ నెలలోనే చూడాలి. ఫిబ్రవరిలో స్నోమొబైల్ మీద తిప్పి చూపించే ఏజెంటుకి పీట్ ఎంత లోతుందో తెలియదు, తెలిసినా చెప్పడు. బీవర్లు (వాగులకి అడ్డుకట్ట వేసే జంతువులు) కట్టిన ఆనకట్ట ఉందేమో కూడా చూడండి. ఒక్క కుటుంబం బీవర్లు చాలు, పది ఎకరాలు ముంచడానికి.

అడవి కొట్టడం చలికాలంలో, నేల గడ్డకట్టాకే చేయాలి. అమ్ముడుపోయే కలప ముందు పోతుంది. అది మిల్లు తీసుకుంటుందో లేదో నరకకముందే కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే మిల్లులు మూతపడుతూ తెరుచుకుంటూ ఉంటాయి. తర్వాత చిన్న చెట్లూ పొదలూ మల్చర్ యంత్రంతో పొడి చేయించుకోవచ్చు, లేదా డోజర్‌కి పళ్ళ బ్లేడు తగిలించి వేళ్ళతో సహా లాగి వరసలుగా పోగేయించుకోవచ్చు. డోజర్‌కి మామూలు బ్లేడు పెట్టి వేసవి తడిలో తోయిస్తే ఆరంగుళాల మేలైన పైమట్టి ఆ కుప్పల్లోకే పోతుంది. మీకు మిగిలేది కింది తెల్ల బంకమట్టి. కాంట్రాక్టరు గంట లెక్కన తీసుకుంటాడు కాబట్టి త్వరగా అయిందనిపిస్తుంది. ఆ మట్టి మళ్ళీ తయారవ్వాలంటే మీ పిల్లలు పెద్దవ్వాలి.

మల్చర్ వాడితే కలప పొడి నేలలోనే ఉండిపోతుంది. అది కుళ్ళేటప్పుడు నేలలో ఉన్న నత్రజని అంతా లాగేసుకుంటుంది. మొదటి ఏడు ఓట్స్ పసుపుపచ్చగా వస్తే కారణం అదే, విత్తనం తప్పు కాదు. నత్రజని ఎరువు మామూలుకంటే ఎక్కువ వేయాలి. పైమట్టి పులుపుగా ఉంటుంది కాబట్టి ఆరంగుళాల లోతు నుంచి మట్టి తీసి పరీక్షకి పంపండి. కొత్తగా కొట్టిన నేలలో అయిదు పది ఎకరాలకొక నమూనా కావాలి. పీహెచ్ ఆరుకి తక్కువుంటే ఎకరానికి రెండు టన్నుల దాకా సున్నం పడుతుంది. సున్నం ధరకంటే దాన్ని లారీలో తెప్పించే కిరాయే భారం.

కుప్పలు తగలబెట్టడంలో జాగ్రత్త. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా ఫైర్ సీజన్ (కార్చిచ్చుల కాలం), దాని నిబంధనలు వేరు. 1916 జులై 29న మాథెసన్ ఊరి చుట్టుపక్కల 223 మంది కాలిపోయారు. సెటిలర్లు నేల శుభ్రం చేయడానికి పెట్టిన చిన్న మంటలే గాలికి కలిసిపోయాయి. 1922లో హెయిలీబరీ తగలబడిందీ అలాగే. పీట్‌కి నిప్పంటుకుంటే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూ చలికాలం దాటుకుని వసంతంలో మళ్ళీ లేస్తుంది. పీట్ ఉన్న చోట కుప్ప పెట్టొద్దు. మంచు కురిశాకే వెలిగించండి.

ఇప్పుడు టైల్ డ్రైనేజీ, అంటే నేలలో నిలిచిన నీటిని బయటికి పంపే ఏర్పాటు. చిల్లులున్న నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టాల్ని 30-40 అడుగుల ఎడంతో, రెండున్నర మూడడుగుల లోతులో పాతుతారు. 100 అడుగులకి అంగుళం పైచిలుకు వాలు కావాలి. ఈ గొట్టాలుంటే వసంతంలో ట్రాక్టరు వారం పది రోజులు ముందు పొలంలోకి దిగుతుంది. ఫ్రాస్ట్ లేని రోజులు 90కి అటూ ఇటూ మాత్రమే ఉండే చోట ఆ వారమే పంట. కానీ గొట్టం నీళ్ళు ఎక్కడికి పోతాయి? పొలం చివర మునిసిపల్ డ్రెయిన్ లేదా లోతైన కాలువ లేకపోతే పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు. కాబట్టి కొనేముందు టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్ళి ఆ లాట్‌కి డ్రెయిన్ ఉందా అని అడగండి. ఖర్చులో 75 శాతం దాకా మునిసిపాలిటీ ద్వారా పదేళ్ళ టైల్ లోన్ దొరుకుతుంది, ఆస్తిపన్నుతో పాటు కట్టాలి. ఉత్తరాది రైతులకి అడవి కొట్టడానికీ, టైల్‌కీ గ్రాంట్లు కూడా అప్పుడప్పుడు ప్రకటిస్తారు. అయితే అవి ఖర్చు పెట్టి బిల్లు చూపించాక వచ్చే డబ్బు. ముందు జేబులోంచి తీయాల్సింది మీరే.

డబ్బు దగ్గరికి వచ్చాం కదా, లెక్క వేద్దాం. అడవి కొట్టి శుభ్రం చేయడానికి ఎకరానికి వెయ్యి డాలర్లు సులభంగా దాటుతుంది. టైల్‌కి ఇంకో వెయ్యి పైమాటే. సున్నం, ఎరువు, విత్తనం, డిస్క్ దున్నకం కలిపితే 20 ఎకరాలకే 50,000 డాలర్ల దగ్గరికి పోతుంది. 160 కాదు, 20. దాని మీద గడ్డి పెంచితే ఎకరానికి రెండు టన్నులు అనుకోండి, 40 టన్నులు. అమ్మగా వచ్చింది ఆ అప్పు వడ్డీకి, గడ్డి కోసి కట్టలు కట్టిన కూలికి సరిపోతే సంతోషించాలి. స్థూల వ్యవసాయ ఆదాయం ఏడాదికి 7,000 డాలర్లు దాటితే గానీ ఫార్మ్ రిజిస్ట్రేషన్ నంబర్ రాదు. అది లేకపోతే పొలానికి మామూలు రేటులో నాలుగోవంతే ఆస్తిపన్ను కట్టే సౌకర్యమూ లేదు. 20 ఎకరాల గడ్డితో ఆ గీత దాటడం కష్టం.

‘నష్టం వస్తే జీతం పన్నులో తగ్గించుకుంటాం’ అని మనవాళ్ళు చాలా ధీమాగా అంటుంటారు. ఐటీ ఉద్యోగం బుర్ర అది. అడవి కొట్టిన ఖర్చు, టైల్ ఖర్చు వ్యవసాయ ఖర్చుగా చూపించుకోవచ్చు, నిజమే. కానీ మీ ముఖ్య ఆదాయం జీతమైనప్పుడు వ్యవసాయ నష్టంలో ఏడాదికి గరిష్ఠంగా 17,500 డాలర్లే ఇతర ఆదాయంలోంచి తీసుకోనిస్తారు. మిగతా నష్టం ముందు ముందు వ్యవసాయంలో లాభం వచ్చినప్పుడే పనికొస్తుంది. మొదటి ఏడు 50,000 ఖర్చు పెట్టినవాడికి ఈ తేడా మార్చిలో అకౌంటెంటు చెప్తే తెలుస్తుంది. ఇంకో పొరపాటు, కలప అమ్మిన చెక్కుని ఆదాయం అనుకుని ట్రక్కు కొనడం. ఆ డబ్బు టైల్‌ది. ముట్టుకోవద్దు.

ఇంటి ఖర్చులు వేరే. బంకమట్టిలో నీరు ఇంకదు కాబట్టి ఇసుక తోలించి ఎత్తుగా సెప్టిక్ బెడ్ (మరుగు నీరు ఇంకే చోటు) కట్టాలి. కరెంటు స్తంభాలు రోడ్డు నుంచి మీ ఇంటిదాకా మీ ఖర్చే. కట్టెల పొయ్యి ఉంటే వెట్ (WETT) అనే పొయ్యి భద్రత తనిఖీ సర్టిఫికెట్ లేనిదే చాలా కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వవు. ఆ రోడ్డు మీద చలికాలంలో మంచు తీస్తారా అని అడగండి. తీయకపోతే మైనస్ 35లో మీరు డ్యూటీకి ఎలా వెళ్తారు?

మరి వద్దా అంటే, వద్దనను. అడవి కొనకండి, ఒకప్పుడు పొలంగా ఉండి వదిలేసిన నేల కొనండి. మాథెసన్ చుట్టూ, వాల్ గాన్యే వైపు, ఇంకా దక్షిణాన న్యూ లిస్కర్డ్ దాకా అలాంటివి ఉంటాయి. ఆల్డర్, విల్లో పొదలు తప్ప పెద్ద మొద్దులుండవు, మల్చర్ ఒక్కటే చాలు. పాత కాలువలు పూడిక తీస్తే పనిచేస్తాయి. ఎకరం ధర ఎక్కువే, కానీ రెండో ఏడుకే గడ్డి చేతికొస్తుంది. అది కూడా ముందు ఒక పాతిక ఎకరాలు కౌలుకి తీసుకుని, ఓట్స్ చల్లి దాని కిందే తిమోతీ, క్లోవర్ అనే పశుగ్రాసం విత్తి చూడండి. ట్రాక్టరు కొనొద్దు, పక్క రైతుకి కిరాయి ఇవ్వండి. హెర్స్ట్, కాపుస్కేసింగ్ వైపైతే ఫ్రెంచ్ నాలుగు ముక్కలు నేర్చుకోండి, కిరాయి దగ్గర పనికొస్తుంది.

గోంగూర పండుతుంది, బయట కాదు, ఊచల మీద ప్లాస్టిక్ కప్పిన పాలీ టన్నెల్‌లో. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో లైటు కింద నారు పోసి, జూన్ రెండో వారం దాటాక నాటండి. ఇక్కడ వేసవి పగలు పొడుగు కాబట్టి త్వరగా పూతకి రాదు, ఆకు బాగా తెగుతుంది. బెండకి అదే టన్నెల్‌లో రాత్రి వేడి చాలదు, కాయ తక్కువ. వంకాయకి కుండీ మేలు, చల్లబడితే లోపలికి మార్చుకోవచ్చు. అక్టోబర్‌లో టన్నెల్ ప్లాస్టిక్ తప్పకుండా విప్పేయండి, లేకపోతే మంచు బరువుకి ఊచలు వంగుతాయి. గోంగూరని ఆగస్టు మూడో వారానికే కోసి పచ్చడి పెట్టేసుకోండి. ఆ తర్వాత ఏ రాత్రి ఫ్రాస్ట్ పడుతుందో చెప్పలేం.