బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, పాత మెకానిక్ జవాబులు

ప్రశ్న: పోయిన ఆదివారం టీవీలో ఒక సీరియల్ చూస్తున్నాం. విలన్ మనుషులు ఒక తెల్ల ఫియట్ కారును కొండ మీంచి తోసేశారు, అది నాలుగు పల్టీలు కొట్టి నుజ్జునుజ్జయింది. మా నాన్నకు 76 ఏళ్లు, ఒకప్పుడు అలాంటి కారులోనే మమ్మల్నందరినీ ఎక్కించుకుని పెంచలకోనకు తీసుకెళ్లేవారు. అన్నం తింటూ తింటూ "ఏందబ్బా ఇది, బంగారం లాంటి బండిని" అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. "డబ్బిచ్చి కొన్నారు, వాళ్లిష్టం, ఇనప డబ్బా కోసం ఇంత బాధా" అంటాడు మా తమ్ముడు. మా బాధలో న్యాయం ఉందా?
ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: అమ్మా, మీ నాన్నగారి చోట నేనున్నా అలాగే లేచిపోయేవాణ్ని. మీ తమ్ముడు చెప్పినట్టు డబ్బిచ్చి కొన్న మాట నిజమే, కానీ ఎంత డబ్బు పెట్టినా ఇంకొకటి తయారు చేసి ఇచ్చేవాళ్లు ఇప్పుడు లేరు. ఆ కారును బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది, 1970ల్లో దానికే పద్మిని అని పేరు పెట్టారు, 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయిలో టాక్సీగా ఆఖరి పద్మిని 2003 అక్టోబరులో రిజిస్టరైంది, అక్కడ టాక్సీకి 20 ఏళ్లే గడువు కాబట్టి 2023 అక్టోబరుతో అదీ అయిపోయింది. ఇక మిగిలినవి ఇళ్లల్లో, షెడ్లలో, చెట్ల కింద ఉన్నవే.

ఇంకో సంగతి, ఫియట్‌కి గానీ అంబాసిడర్‌కి గానీ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ (అడుగున బరువంతా మోసే ఇనప చట్రం) ఉండదు, బాడీయే ఛాసిస్. ఒక్కసారి పల్టీ కొట్టిందంటే టాపును మోసే పిల్లర్లు వంగిపోతాయి, డోర్ల ఫ్రేములు మెలితిరిగిపోతాయి, ఇక ఎంత పనిమంతుడైన టింకర్ మేస్త్రీ నెలల తరబడి కొట్టినా డోరు సరిగ్గా పడదు. పైగా దాంతోపాటు ముందద్దం, మీటర్లు, బంపర్లు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు అన్నీ పోతాయి. అవి ఇంకో మూడు నాలుగు బండ్లను బతికించాల్సిన సామాన్లు. ఒక్క డోర్ హ్యాండిల్ కోసం నెల్లూరులో తెల్లవారుజామున రైలెక్కి మద్రాసులో దిగి, పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో సందు సందూ తిరిగి, సాయంత్రానికి ఒట్టి చేతులతో వచ్చిన రోజులు నాకెన్నో ఉన్నాయి, అందుకే టీవీలో ఆ హ్యాండిల్ నలిగిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ బాధ మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో 1979 నుంచి 1985 దాకా డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ అని ఒక టీవీ సీరియల్ వచ్చింది. అందులో నారింజ రంగు 1969 డాడ్జ్ ఛార్జర్ కారు వాగులు, గట్లు దూకుతూ ఉంటుంది. దూకిన దాదాపు ప్రతిసారీ కింద పడగానే బాడీ వంగిపోయి ఆ బండి ఇక పనికొచ్చేది కాదు. అలా మొత్తం మీద దాదాపు 300 కార్లు పోయాయంటారు. 1969 మోడల్ దొరక్క 1968, 1970 మోడళ్లను దానిలా మార్చి వాడారు, ఆఖరికి బొమ్మ కార్లతో కూడా షూటింగ్ చేశారు. అప్పుడవి చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ బండ్లు, ఇప్పుడు అదే ఛార్జర్‌ని కొనాలంటే ఆస్తి అమ్ముకోవాలి. ఇంగ్లండులో టాప్ గేర్ కార్యక్రమం వాళ్లు మోరిస్ మారీనా కార్ల మీద పైనుంచి పియానోలు పడేశారు, ఒకసారి కాదు, పదే పదే. మోరిస్ అంటే మనకు పరాయిది కాదు, మన అంబాసిడర్ ఆ మోరిస్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ కారే. 1.8 లీటర్ల మారీనా ఇంజనూ, మన పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజనూ ఒకే కుటుంబంలోవి. ఆ పియానో నాకు మనింటి బండి మీద పడినట్టే ఉంటుంది.

పగలగొట్టకుండా సీను తీయలేరా అంటే తీయొచ్చు. 2012లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా స్కైఫాల్‌లో ఆస్టన్ మార్టిన్ డీబీ5 కాలిపోతుంది, అది అసలు కారు కాదు, మూడో వంతు సైజులో త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన బొమ్మ. అంత ఖర్చు మన సీరియల్ వాళ్లు పెట్టుకోలేరు, సరే, కానీ తుప్పు పట్టి అడుగు ఊడిపోయిన బాడీలు తుక్కు కొట్లలో ఉంటాయి కదా, వాటికి రంగేసి తోసుకోవచ్చు. మీరు చూసింది కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. ఈసారి గమనించండి: ఇంజన్ తీసేసిన బండి అయితే గాల్లో ముక్కు కిందికి వాలదు, బానెట్ లేచినప్పుడు లోపల ఖాళీ కనిపిస్తుంది, కింద పడ్డాక నీళ్లూ ఆయిలూ కారవు. అలా కనిపిస్తే నాన్నగారికి చెప్పండి, కాస్త ఊరట. ఇంజన్, అద్దాలు అన్నీ ఉన్న నిఖార్సైన బండి అయితే మాత్రం ఆ ఛానల్‌కి మీరే ఒక ఉత్తరం రాయండి, తిట్టక్కర్లేదు, నాన్నగారి మాటనే రాయండి.

ప్రశ్న: నా దగ్గర 1968 అంబాసిడర్ మార్క్ టూ ఉంది, కండిషన్లో ఉంది. షూటింగ్‌కి రెండు రోజులు అడుగుతున్నారు, డబ్బులు బాగానే ఇస్తారట. ఇవ్వొచ్చా?
ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇవ్వొచ్చు, కానీ నోటి మాట మీద మాత్రం ఇవ్వకండి. 20 ఏళ్ల కిందట కోవూరు దగ్గర ఒక రైతుగారి మార్క్ టూని పెళ్లి సీను అని చెప్పి తీసుకెళ్లారు. తీరా అక్కడ ఫైటు పెట్టి, మనుషులను టాపు మీదికెక్కించి గంతులేయించారు. బండి నా షెడ్డుకి వచ్చినప్పుడు టాపు గుంటపడి లోపలి సీలింగు సీటుకు తగులుతోంది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్క మాట కూడా అనకుండా షెడ్డు గడప మీద కూర్చున్నారు. ఆ కూర్చోవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మూడు వారాలు కొట్టాను, అయినా సాయంత్రం ఎండ పడితే టాపు మీద అల కనిపించేది.

కాబట్టి కాగితం మీద రాయించుకోండి. బండి నిలబెట్టడానికా, నడపడానికా, నడిపితే ఎవరు నడపాలి (మీరే నడపండి, స్టీరింగ్ పక్క గేరు అలవాటు లేనివాళ్లు గేరు పళ్లు అరగదీస్తారు), బానెట్ మీదా టాపు మీదా ఎవరూ ఎక్కకూడదు, దెబ్బ తగిలితే పూర్తి ఖర్చు వాళ్లదే, ఇవన్నీ అందులో ఉండాలి. ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, తాళం మీ జేబులోనే ఉంచుకోండి. మీది ప్రైవేటు కారు పాలసీ అయితే అద్దెకిచ్చినప్పుడు జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ రాదు, అందుకే అడ్వాన్సు గట్టిగా తీసుకోండి. సంతకం పెట్టడానికి వాళ్లు నసిగితే బండి షెడ్డు దాటించకండి.

ప్రశ్న: మా తాతయ్య స్టాండర్డ్ హెరాల్డ్ కారు పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉంది. తుక్కు వ్యాపారి వారం వారం వచ్చి అడుగుతున్నాడు, ఇంట్లో అమ్మేద్దాం అంటున్నారు. నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. ఏం చేయాలి?
ఒక విద్యార్థి, దర్శి

జవాబు: బాబూ, ఈ వారం ఎలాగైనా ఆపు. హెరాల్డ్ మద్రాసులో 1960ల్లో తయారైన బండి. దానికి మాత్రం విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీని ముక్కలుగా విప్పి బిగించొచ్చు, అంటే నీలాంటి కొత్తవాడు పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు. సముద్రం పక్క ఊళ్లలో కంటే మీ వైపు ఉప్పుగాలి తక్కువ, కానీ పశువుల కొట్టం తడి ఉంటుంది కాబట్టి ముందు ఛాసిస్‌నే సుత్తితో మెల్లగా తట్టి చూడు, ఖంగుమంటే బతికున్నట్టే.

సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చేయాలని చూడకు. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, నాలుగు రోజులు వదిలేసి, తర్వాత ఇంజన్‌ని చేత్తో తిప్పు. ఆర్సీ బుక్కు వెతుకు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మార్చకుండా ఉంటే 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000, నంబరు వీఏ అక్షరాలతో వస్తుంది. రోజూ తిరగడానికి మాత్రం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు.

ఇంట్లో ఎంత చెప్పినా వినకపోతే తుక్కు వ్యాపారికి ఇచ్చే ముందు పత్రికకు ఒక ఉత్తరం రాయి, ఆ బండి ఫొటో పంపు. అదే ధరకి నేనే వచ్చి తీసుకెళ్తాను.