వంటింటి సందేహాలు: రసం పిండినా బిస్కెట్లకు నిమ్మ వాసన రాదెందుకు?

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు వాడము. పిల్లల కోసం నిమ్మ బిస్కెట్లు చేద్దామని మైదా, వెన్న, చక్కెర కలిపిన పిండిలో రెండు కాయల రసం పిండాను. అవి ఓవెన్‌లో పరుచుకుపోయి కేకు ముక్కల్లా మెత్తబడ్డాయి. నిమ్మ వాసన లేనేలేదు. మరోసారి తొక్క తురిమి వేస్తే చేదెక్కాయి. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిమ్మలో పులుపు రసానిదే అయినా, వాసన మాత్రం తొక్క పైపొరలో ఉండే నూనె తిత్తులది. ఆ నూనె నీటిలో కరగదు, వెన్నలో కరుగుతుంది. కాబట్టి తొక్క తురుము వేసిన బిస్కెట్టులో వాసన నిలుస్తుంది. రసంలో అధిక భాగం నీరే. ఆ తడికి పిండి పలుచబడి పరుచుకుంటుంది, మైదాలో జిగురు పెరిగి కరకరలాడే గుణం పోతుంది.

ఇక చేదేమో, పైనున్న రంగు పొర కింది తెల్లని మెత్తటి భాగం నుంచి వచ్చింది. నిమ్మతొక్క పలుచన కనుక తురుముపీట ఇట్టే ఆ తెలుపును తాకుతుంది. కొత్తగా చేసేవారికి మన రాయలసీమ చీనీకాయే (బత్తాయి) అనువని నా అభిప్రాయం. వాసన నిమ్మంత ఘాటుగా ఉండదు గాని తొక్క మందం. ఒక చీనీకాయకు ఒక నిమ్మకాయ కలిపితే రెండు గుణాలూ దక్కుతాయి. కాయలను గోరువెచ్చని నీటితో రుద్ది కడిగి, తుడిచి, కోయకముందే సన్న రంధ్రాల తురుముపీటతో, ఒకచోట ఒకటి రెండు సార్లకు మించి గీయకుండా తిప్పుతూ తురమండి.

ఆ తురుమును 80 గ్రాముల చక్కెర పొడిలో వేసి, పొడి తడితడిగా మారి ఘుమఘుమలాడేదాకా వేళ్లతో నలపండి; అసలు కిటుకు ఇదే. అందులో 120 గ్రాముల మెత్తని వెన్న, చిటికెడు ఉప్పు కలిపి గిలక్కొట్టి, 200 గ్రాముల మైదా చేర్చి, ఎక్కువ పిసకకుండా ముద్ద చేయండి. తిరుపతి ఎండలకు వెన్న వంటగదిలోనే కరిగిపోతుంది కాబట్టి బిళ్లలు చేశాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం తప్పనిసరి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద సుమారు 12 నుంచి 15 నిమిషాలు కాల్చి, అంచులు లేత బంగారు రంగుకు రాగానే, నడుమ మెత్తగా ఉన్నా సరే, తీసేయండి. చల్లారితే గట్టిపడతాయి. మైక్రోవేవ్ ఉన్నవారు కన్వెక్షన్ పద్ధతిలోనే కాల్చాలి.

పులుపు కూడా కావాలంటే, పూర్తిగా చల్లారాక 50 గ్రాముల చక్కెర పొడిలో రెండు చిన్న చెంచాల నిమ్మరసం కలిపి పైన పూయండి.

ప్రశ్న: వెన్నకు బదులు నెయ్యి వాడవచ్చా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వాడవచ్చు. వెన్నలో కొంత నీరుంటుంది, నేతిలో ఉండదు. కనుక పై కొలతకు 100 గ్రాముల పేరిన నెయ్యి చాలు. అయితే కమ్మగా కాచిన ఇంటి నేతి వాసన ముందు నిమ్మ ఓడిపోతుంది. అలాంటి నెయ్యి ఉంటే, ఏలకులు వేసి నాన్‌ఖటాయిలు చేసుకోవడమే మేలు.