నిందితుడు దొరక్కపోయినా బాధితులకు ప్రభుత్వ పరిహారం వస్తుందా?

వస్తుంది. నిందితుడు దొరక్క విచారణే మొదలవని కేసుల్లో కూడా బాధితులు, లేదా వాళ్ల మీద ఆధారపడినవాళ్లు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 396వ సెక్షన్ చెబుతోంది (2024 జూలైకి ముందు ఇదే పాత చట్టం సీఆర్‌పీసీలో 357ఏ). చాలామంది శిక్ష పడేదాకా ఆగుతారు, అది అనవసరం.

వెళ్లాల్సింది జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి. విచారించి 2 నెలల్లో తేల్చాలి. ఎఫ్ఐఆర్ కాపీ (బాధితులకు ఉచితంగా ఇవ్వాల్సిందే), గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాస్‌బుక్‌లో ఇంకొకటి ఉంటే మంజూరైన డబ్బూ ఆగిపోవచ్చు. పెళ్లయిన ఆడవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

చికిత్సకు వెంటనే డబ్బు కావాలంటే మధ్యంతర పరిహారం అని విడిగా రాసి అడగండి. యాసిడ్ దాడి బాధితులకు 15 రోజుల్లో లక్ష రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టే చెప్పింది. మహిళా బాధితుల కోసం తెచ్చిన 2018 జాతీయ పథకంలో మాత్రం ఒక మెలిక ఉంది: సాధారణంగా పరిహారంలో 75 శాతం కనీసం 3 ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, చేతికొచ్చేది 25 శాతమే. ఆసుపత్రి ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు దీన్ని మర్చిపోవద్దు.

సందేహాలకు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.