వరస తప్పిన కథ

కడప,
ఉగాది మరుసటి రోజు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండు మార్లు చదివినాను. 'కజిన్' పదకొండు చోట్ల, 'అంకుల్' ఏడు చోట్ల వచ్చింది. అన్నిటి కిందా ఎర్రగీత గీసి పంపుతున్నాను. ఇంగ్లీషు మాటలని కాదు. బస్సు, లోను, ఫోను నేనూ రాస్తాను. కానీ ఈ రెండు మాటలు వచ్చిన చోటల్లా నీ కథ కుంటింది.

పిల్లను 'కజిన్'కిచ్చి చేయాలని ఇంట్లోవాళ్లు పట్టుబడతారని రాసినావు. ఏ కజిను? చిన్నాయన కొడుకా? అయితే వాడు తమ్ముడు. వాడితో పెళ్లి మాటెత్తితే, వావి వరసలు లేవా అని వీధి వీధంతా ఉమ్మేస్తుంది. చిన్నమ్మ కొడుకా? వాడూ తమ్ముడే. మేనత్త కొడుకైతే బావ, మేనమామ కొడుకైనా బావే. ఈ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ 'మీ బావొచ్చినాడే' అని ఇంటికొచ్చిన ప్రతి ముసలమ్మా బుగ్గ గిల్లి ఉంటుంది. ఒకడు ఊహకే రానివాడు, ఇంకొకడు ఊహ తెలియక ముందే రాసిపెట్టినవాడు. ఇద్దర్నీ ఒకే మాటలో కలిపేస్తే నీ నాయిక దేన్ని కాదంటోందో చదివేవాళ్లకెట్లా తెలుస్తుంది?

అంకుల్ సంగతీ అంతే. ఆయన పిల్ల ముందు కూర్చుని ఏడుస్తాడు, బాగానే రాసినావు. అయితే పెదనాయన ఏడుపు వేరు, మేనమామ ఏడుపు వేరు. పెళ్లినాడు పిల్లను గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేవాడు మేనమామ. పెదనాయన ఎంత ఉన్నవాడైనా ఆ గంప ముట్టుకోడు.

తోడబుట్టినవాళ్లలో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే వాళ్ల పిల్లలకు వరస కుదురుతుంది. ఇద్దరూ ఆడవాళ్లో ఇద్దరూ మగవాళ్లో అయితే పిల్లలు అన్నాచెల్లెళ్లే. ఈ లెక్క మనకెవరూ పలక మీద రాసి నేర్పలేదు. బయటివాళ్లు మాత్రం చూసి నోరు తెరిచినారు. అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ అని ఒక వకీలు ఉండేవాడు. సెనెకా తెగలో నాయన అన్నదమ్ముల్నీ నాయనలే అంటారని, అమ్మ అక్కచెల్లెళ్లనీ అమ్మలే అంటారని గమనించి, ప్రపంచమంతా చుట్టరికపు మాటలు పోగేయడం మొదలుపెట్టినాడు. 1871లో అచ్చయిన ఆయన లావు పుస్తకంలో తమిళం, కన్నడంతో పాటు తెలుగు పట్టీ కూడా ఉంది. మన పెద్దనాయన, చిన్నాయన, పెద్దమ్మ, చిన్నమ్మల్ని చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అమెరికా తెగలవాళ్లు ఆసియా నుంచే పోయినారనడానికి ఇదే రుజువన్నాడు. ఆ రుజువు నిలబడలేదు, పట్టీ నిలబడింది. నువ్వు కడపకొచ్చినప్పుడు బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోతాను. బ్రౌన్ 1852 నిఘంటువులో 'వదిన' తీసి చూడు. అన్న పెళ్లామనే ఒక్క అర్థంతో ఆ దొరకు సరిపోలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది నేను ఏ కథలోనూ రాయలేదు.

1979లో మా తమ్ముడి పెళ్లి. కొత్త జంట మధ్యాహ్నం ఎండలో గడప దగ్గరికొచ్చింది. ఆడపడుచును గదా, తలుపుకడ్డంగా నిలబడినాను. చంకలో రెండేళ్ల కొడుకు. పేర్లు చెప్పమన్నాను. మరదలు మూడుసార్లడిగితే గాని మొగుడి పేరు చెప్పలేదు. తర్వాత అడగాల్సింది అడిగినాను. "నీకు కూతురు పుడితే మా వాడికిస్తావా?" వెనక నుంచి మా జేజి "మాట తీసుకోందే ఇడిసిపెట్టొద్దుమే" అని అరిచింది. "ఇస్తాలేక్కా, దోవ ఇడువు, కాళ్లు కాలుతుండాయి" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వినారు. చంకలోవాడు నా చెవి కమ్మ పట్టుకుని పీకినాడు. దాన్ని విడిపించుకోవడానికి చెయ్యి తీసినాను, వాళ్లు లోపలికి పోయినారు.

1983లో మేనకోడలు పుట్టింది. 2005లో, మా వాడికి ఇరవై ఎనిమిది, నేను ఆ మాట గుర్తుచేసి అడిగించినాను. మా వాడికి ఆ పిల్ల మీద అట్లాంటి ఆలోచనే లేదు. ఆ పిల్లకూ లేదు. "పిల్ల వద్దంటోందక్కా" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా. రెండేళ్లు వాళ్ల గడప తొక్కలేదు నేను. ఆ రెండేళ్లలోనే మేనరికాన్ని తప్పుపడుతూ రెండు కథలు రాసినాను. మంచి కథలన్నారు. ఒకదానికి శాలువా కూడా కప్పినారు.

నా కోపం ఎందుకో నాకే తెలియలేదు. పిల్ల మీద కాదు, తమ్ముడి మీదా కాదు. చాలా ఏళ్లకు, ఒకనాడు మా చీనీ తోట గట్టు మీద కూర్చుని ఉంటే తట్టింది. ఎనిమిదెకరాల తోట అది. మా నాయన నా పెళ్లికి ఆరు తులాల బంగారం, ఒక ఎనుమును ఇచ్చినాడు, తోట తమ్ముడికి పోయింది. అప్పుడు అదేమీ అన్యాయంగా అనిపించలేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు లేదన్నారు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ గీత చెరిపింది. అప్పటికి నాయన పోయి, తోట తమ్ముడి పేర రిజిస్టరై చాలా ఏళ్లయింది. నాకు మిగిలిన దస్తావేజు ఆ గడప దగ్గర తీసుకున్న మాట ఒక్కటే. తమ్ముడి కూతురు నా ఇంటికి కోడలైతే, నేను పుట్టిన ఇల్లు నాతో తెగిపోదు. నా మనవళ్లు ఆ తోటలో కాలు పెడతారు. కొడుకు పెళ్లి ముసుగేసుకుని నేను నా వాటా అడిగినాను. పాపం, ఆ పిల్ల దానికి జవాబు చెప్పాల్సొచ్చింది.

నీ కథలో మేనత్త రాక్షసి. ఆమె కూడా ఏదో ఒక తోట గట్టు మీద కూర్చునే ఉంటుంది, వెతుకు.

మూడో పేజీలో నీ నాయిక ఆఫీసు క్యాంటీన్లో దేశదేశాల పెళ్లిళ్ల గురించి ఉపన్యాసమిస్తుంది చూడు, అది మొత్తం కొట్టేసినాను. వింతల పట్టీ మాదిరుంది. టిబెట్లో అన్నదమ్ములంతా ఒకే ఆమెను చేసుకుంటారని రాసి ఆశ్చర్యార్థకం పెట్టినావు. ఉన్న కాస్త సేద్యపు భూమి ముక్కలు కాకుండా ఉండటానికి అక్కడ అట్లా చేసుకునేవాళ్లు. నేను గడప దగ్గర చేసిందీ ఆ భూమి బెంగతోనే గదా, ఇందులో ఆశ్చర్యమెక్కడ? అంత దూరమెందుకు, నీలగిరుల్లో తోడాలున్నారు. అక్కడా అన్నదమ్ములకు ఒకే భార్య ఉండేది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు వాళ్లలో ఎవరు విల్లూ బాణమూ చేతికిస్తే వాడే తండ్రి. దక్షిణ సూడాన్లో నూయెర్ అనే పశువుల కాపర్లు ఇంకో అడుగు ముందున్నారు. బిడ్డల్లేకుండా ఎవరైనా చనిపోతే, వాడి తమ్ముడు ఆవుల్ని ఇచ్చి ఒక పిల్లను చనిపోయినవాడి పేరు మీద చేసుకుంటాడు. పుట్టిన బిడ్డలు చనిపోయినవాడి బిడ్డలే. వినడానికి విడ్డూరం. మన రెడ్లలో ఇల్లటం అల్లుడు మాత్రం ఏమిటి? కొడుకుల్లేని ఇంట్లో అల్లుణ్ని తెచ్చుకుని, సేద్యం చేయించుకుని, కొడుకు మాదిరే వాటా ఇస్తారు. కోర్టులు కూడా ఆ ఆచారాన్ని ఒప్పుకున్నాయి. జపానులో ఇట్లా తెచ్చుకున్న అల్లుడు మామ ఇంటిపేరు కూడా పెట్టుకుంటాడు. వాళ్ల దగ్గర ఏముందో కాదు, అది లేకపోతే ఏది కూలిపోతుందో అడుగు. అప్పుడు రాయి. లేదంటే టిబెట్ జోలికి పోవద్దు.

రక్తం సంగతి నువ్వు రాసింది సరే. మేనమామ, మేనకోడళ్ల రక్తంలో పావు వంతు ఒకటే, బావామరదళ్లలో ఎనిమిదో వంతు. దగ్గరి రక్తంలో కొన్ని పుట్టుకలోపాలు బయటపడే అవకాశం ఎక్కువన్నది నిజం. డాక్టరు పాత్ర ఒక్క వాక్యంలో చెప్పేసి పోతే చాలు, స్లైడ్లు వేసి చూపించాల్సిన పని లేదు.

మా మేనకోడలు 2008లో బెంగళూరులో తనతో పనిచేసే పంజాబీ అబ్బాయిని చేసుకుంది. పెళ్లికి పోయినాను, అక్షింతలూ వేసినాను. మరుసటి సంక్రాంతికి ఇద్దరూ మా ఇంటికొచ్చినారు. ఓళిగలు పెడుతున్నాను. మా వాణ్ని చూపించి "మా బావ" అనింది ఆ పిల్ల. అల్లుడు సంతోషంగా లేచి, మేనత్త కొడుకంటే అన్నే గదా అనుకుని, 'సాలా సాబ్' అని చెయ్యి కలిపినాడు. బావమరిది అని. "కాదు నాయనా, నీకు అన్నవుతాడు" అన్నాడు మా తమ్ముడు. ఆ అబ్బాయికి ఎక్కలేదు. నా భార్య అన్న నాకెట్లా అన్నవుతాడని అడిగినాడు. ఆమెకు అన్న కాదన్నాం. "మరేమవుతాడు?" ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. మేనకోడలు నీళ్ల చెంబు కోసం వంటింట్లోకి పోయింది. చివరికి మా వాడే, నోట్లో ఓళిగ పెట్టుకుని, "నువ్వు రాకపోయుంటే నీ సీట్లో నేనుండేవాణ్ని బ్రదర్" అన్నాడు హిందీలో. ఆ అబ్బాయి నవ్వినాడు గానీ, చెవులు ఎర్రబడినాయి. వాళ్ల ఊళ్లో మేనత్త కూతురు రాఖీ కడుతుంది.

ఇరావతి కర్వే 1953లో భారతదేశపు చుట్టరికాల మీద రాసిన పుస్తకం ఆ రాత్రి మళ్లీ తీసినాను. ఉత్తరాదిన పిల్ల ముక్కూమొహం తెలియని ఇంటికి పోతుంది, దక్షిణాదిన అత్తగారు చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించిన మేనత్తే కావచ్చు. ఈ తేడా ఈనాటిది కాదు. బౌధాయన ధర్మసూత్రంలోనే ఉంది, దక్షిణాదివాళ్లు మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకుంటారని. (ఉత్తరాదివాళ్లు ఉన్ని అమ్ముకుంటారని, సముద్రం మీద పోతారని కూడా ఉంది. ఎవరి తప్పులు వాళ్లవి.) 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి చుట్టరికాల్లో పెళ్లి కూడదంటూనే, ఆచారం ఉన్నచోట తప్ప అని ఒక ముక్క చేర్చింది. ఆ ముక్కలో మనమంతా దూరిపోయినాం.

నిన్న ఉగాది గదా, దేవుని కడపకు పోయినాను. ప్రతి ఏడూ మాదిరే ముస్లిములు టెంకాయలు పట్టుకుని వరసలో ఉన్నారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ కాబట్టి వెంకటేశ్వరస్వామి వాళ్లకు అల్లుడు. నా ముందు ఒకామె, చేతిలో ఆరేడేళ్ల పిల్లోడు. వాడికి కాళ్లు నొప్పి పుట్టి గునుస్తున్నాడు, ఎవరింటికొచ్చినామని. "అల్లుడింటికి రా" అనింది ఆమె. "మరి నాకేమయితాడు?" ఆమె టెంకాయ చంకలో పెట్టుకుని ఒక్క క్షణం లెక్కేసుకుంది. "నీకు బావ" అనింది. వాడు గునగడం ఆపి, లోపల ఎట్లుంటాడో చూద్దామని మునివేళ్ల మీద లేచినాడు.

కథ ముగింపు గురించి నేనేమీ చెప్పను. పిల్ల వద్దనాలనే నాకూ ఉంది. అయితే వద్దనేముందు ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో ఆమెకు తెలిసి ఉండాలి. మీ అమ్మను అడుగు, ఆమె కొత్త కోడలుగా వచ్చిన రోజు మీ మేనత్త తలుపు దగ్గర ఏమడిగిందో, మీ నాయన ఏమన్నాడో. అది తెలిసేదాకా రెండో పేజీ ముట్టుకోవద్దు.

ఉత్తరంలో నన్ను మేడమ్ అని రాసినావు. మీ కర్నూలు వైపు మా పెద్దమ్మ వాళ్లున్నారు. మీ ఇంటిపేరూ, మీ అమ్మ పుట్టింటి పేరూ రాసి పంపు, నీకు అత్తనో అవ్వనో తేల్చుకుందాం.

ఇట్లు,
వరస తేలాల్సిన మనిషి