నల్లకోటు విప్పాక: ఎమ్మెల్యే అయిన మేనల్లుడికి ఒక ఉత్తరం

అమలాపురం

చిరంజీవి అబ్బాయికి,

మీ మావయ్య ఆశీర్వదించి రాయునది.

"వకీలు ప్రాక్టీసు ఉంచుకోనా, మానెయ్యనా?" అని ఫోన్లో అడిగావు. నీ చుట్టూ జనం గోలగా ఉన్నారు, నేనేం చెప్పినా వినపడలేదు. అందుకే రాస్తున్నాను.

చట్టం సంగతి నీకు తెలిసిందే. ఎమ్మెల్యేలు, ఎంపీలు వకీళ్లుగా వాదించడానికి అడ్డేమీ లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ నా మాట విను. హైకోర్టులో ఏమైనా వాదించుకో, నీ నియోజకవర్గం వాళ్ల సివిల్ వకాల్తా మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోకు.

నేను ఎమ్మెల్యేగా గెలిచిన కొత్తలో పాత కేసులు జూనియర్లకు ఇవ్వడానికి మనసొప్పలేదు. ఫీజు మీద ఆశ కూడా ఉందనుకో. వాటిలో ఒకటి గట్టు తగాదా, పది సెంట్ల కోసం అన్నదమ్ముల కొట్లాట. ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఒక ముసలాయన పింఛను అర్జీ పట్టుకుని మనింటి అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. టేబుల్ మీద కేసు కట్ట ఉంది. దాని మీద ప్రతివాది పేరు ఆయనదే. పెద్దగా చదువుకోలేదు గానీ తన పేరు గుర్తుపట్టగలడు కదా! అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ఇంకోరోజు వస్తానండి బాబూ" అని లేచిపోయాడు. మళ్లీ రాలేదు. కేసు గెలిచాను. తర్వాతి ఎన్నికల్లో ఆ ఊరి బూత్‌లు రెండూ పోయాయి. బూత్‌లు పోయినందుకు కాదు, ఆ మడతలే ఇప్పటికీ కళ్లముందు మెదులుతాయి.

ఇక సభ. కోర్టులో అరిచిన గొంతు కాబట్టి ఊపేస్తాననుకున్నాను. అప్పట్లో హైదరాబాదులో 294 మందిమి. మన వైపు మురుగు కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి, మురుగు దిగక సార్వా (తొలి పంట) చేలు మునిగేవి. పైన గుర్రపుడెక్క సంగతి సరేసరి. "పూడిక తీసే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉన్నదా? ఉన్నచో ఎప్పుడు తీయుదురు?" అని ప్రశ్న రాశాను. జవాబు అచ్చయి వచ్చింది: "(అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదండి." అంతే! సాక్షిని క్రాస్ చేసేటప్పుడు "లేదు" అని తప్పించుకునే ప్రశ్న వేస్తే నీ వీపు విమానం మోత మోగించేవాణ్ని. నేను చేసిందీ అదే.

తర్వాత బుద్ధొచ్చింది. ముందు ఇంజినీరు దగ్గర కూర్చుని ఎస్టిమేటు ఎప్పుడు పంపారో, ఎక్కడ ఆగిందో రాసుకునేవాణ్ని. "ఫలానా తేదీన పంపిన అంచనా ఎవరి వద్ద ఉన్నది?" అని అడిగితే లేదనడానికి వీల్లేదు. 2011లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించేదాకా వచ్చిందంటే, ఈ మురుగు గొడవ కూడా అందులో ఒక కారణం.

బిల్లులు చదువు. మీ 175 మందిలో పూర్తిగా చదివేవాళ్లు ఎందరో నేను చెప్పను. ల్యాండ్ టైట్లింగ్ చట్టం, అదే భూమి హక్కుల చట్టం చూడు. హక్కు తగాదాల్లో సివిల్ కోర్టు గడప తొక్కనివ్వని సెక్షన్ అందులో ఉండేది. అది సభ దాటి చట్టమయ్యాక మన వకీళ్ల సంఘాలు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కాయి. 2024లో రద్దు బిల్లుకు నువ్వూ అవునన్నావు. ఆ సెక్షన్‌ను మొదటి రోజే ఎవరైనా వేలు పెట్టి చూపించి ఉంటే ఇంత రభస ఎందుకు? రాత్రి పదింటికి బిల్లు చేతికొచ్చినా సరే, పెన్సిలు పట్టుకుని కూర్చో. అది నీకు వచ్చిన విద్య.

కౌలు రైతుల సంగతి కాస్త ఓపిగ్గా చూడు. 2019 చట్టంలో కౌలు కార్డుకు భూమి యజమాని సంతకం కావాలన్నారు. ఆయన చెయ్యడు, కౌలుదారు అడగలేడు. ఇద్దరూ నీ ఓటర్లే. ఇక్కడ ఎవరి తరఫు వకీలువి?

మన బాలయోగి గారినే తీసుకో. ఆయనా ప్లీడరే, ముమ్మిడివరం ఎమ్మెల్యేగా కూడా చేశారు. 1999లో లోక్‌సభ స్పీకరు కుర్చీలో ఉండగా గమాంగ్ ఓటు గొడవ వచ్చింది. ఎంపీ పదవి వదలకుండానే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా అన్నది. బాలయోగి గారి పార్టీ మద్దతిస్తున్న వాజపేయి ప్రభుత్వమే నిలబడాలో పడాలో తేలాల్సిన రోజు. ఓటు వెయ్యాలో వద్దో గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. పార్టీ వకీలుగా ఆలోచిస్తే అది చేతకాదు.

నీ కోటు మా ఆఫీసు బీరువాలో ఉంది. పురుగు పట్టకుండా మీ అత్తయ్య వేపాకు పెట్టింది. వచ్చే సమావేశాలకు రాసే ప్రశ్నలు ముందు నాకు వాట్సాప్ చెయ్యి. దాళ్వా (రెండో పంట) నీళ్ల వంతుల కాగితం కూడా పంపు, కాలువ శివారు రైతులు నిన్ననే వచ్చి అడిగి వెళ్లారు.

మీ మావయ్య