హార్లిక్స్ సీసాలో కొమ్ము పురుగు

ప్రశ్న: అక్కా, నేను తిరుపతిలో ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నా. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా తాతోళ్ళ ఊర్లో ఒక పేడపురుగు తనకంటే పెద్ద ఉండని వెనక కాళ్ళతో తోసుకుంటా పోతుంటే ఎండలో దాని వెనకాలే అరగంట నడిచినా, అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. ఇప్పుడు నా రఫ్ నోట్సు నిండా పురుగుల బొమ్మలే. పోయిన వారం రాత్రి వీధి లైటు కింద కొమ్మున్న నల్ల పురుగొకటి వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే తెచ్చి పాత హార్లిక్స్ సీసాలో పెట్టినా. తుమ్మాకు వేస్తే ముట్టలేదు. పగలంతా చచ్చినట్టు పడుంటాది, రాత్రయితే సీసా గోకతా ఉంటాది, పట్టుకుంటే గీ గీ అంటాది. అమ్మేమో ఆడపిల్లకి పురుగులేంది అంటాది, తాతకి ఫోన్లో చెప్తే "తొక్కి పారేయ్ దాన్ని, నా టెంకాయ చెట్లని తినేది అదే" అన్నాడు. దానికేం పెట్టాలక్కా? కొమ్ము ఇంకా పెరుగుతుందా? పురుగుల చదువని నిజంగా ఒకటుందా?
(పేరు వేయొద్దు, కొర్లగుంట)

జవాబు: ముందు దాన్ని ఆ సీసాలోంచి తీయమ్మా, మిగతావి తర్వాత. గాజు మీద దాని కాళ్ళకి పట్టు దొరకదు, జారి వెల్లకిలా పడుతుంది, లేవలేక రాత్రంతా కొట్టుకుని కొట్టుకుని అలిసిపోతుంది. నువ్వు గోకడం అనుకుంటున్నది అదే అయ్యుంటుంది. ఒక ప్లాస్టిక్ బకెట్ తీసుకుని బాగా చివికిన పేడెరువు, మట్టి కలిపి జానెడు మందం పోయి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి గానీ నీళ్ళు కారకూడదు, అంత తడి చాలు. పైన రెండు బెరడు ముక్కలు పడేస్తే వెల్లకిలా పడినా వాటిని పట్టుకుని తిరుక్కుంటుంది. మూతకి చిల్లులు పెట్టు, మూత మీద రాయి కూడా పెట్టు, నవ్వొద్దు, దాని బలం నీకింకా తెలీదు.

తుమ్మాకు తినేది జీరంగి. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో జీరంగిని పెట్టి గుడ్డు పెట్టిందా లేదా అని క్లాసులో డెస్కు కింద గంటకోసారి తెరిచి చూసి టీచర్ చేత దెబ్బలు తిన్న బ్యాచ్ మాది, కాబట్టి మీ అమ్మ మాట నా దగ్గర చెల్లదు. నీ పురుక్కి ఆకు పనికిరాదు. మాగిన అరటిపండు చిన్న ముక్క గానీ చెరుకు ముక్క గానీ సాయంత్రం పెట్టు, పొద్దున్నే తీసేయి, లేకపోతే చీమలు దిగుతాయి. బకెట్‌ని నీళ్ళ పళ్ళెంలో పెట్టు, ఇంట్లో చక్కెర డబ్బాకి చేస్తాం కదా, అట్లనే. పగలు కదలకపోవడం రోగం కాదు, అది రాత్రి తిరిగే పురుగు, మట్టి దొరికితే పగలు లోపలికి దూరిపోతుంది. ఆ గీ గీ శబ్దం నోటితో చేసేది కాదు, బెదిరినప్పుడు పొట్ట చివరని పైనున్న గట్టి రెక్కలకి రాస్తుంది. కరవదు, కానీ కాళ్ళకి ముళ్ళుంటాయి, చేతిని పట్టుకుంటే పీకొద్దు, ముందు వేలు చూపిస్తే తనే నడిచి ఎక్కుతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో.

కొమ్ము పెరగదు. పురుక్కి రెక్కలొచ్చాయంటే ఎదుగుడు అయిపోయినట్టే, ఎదగడమంతా గొంగళిగా ఎరువులో ఉన్నప్పుడే. చిన్నదో పెద్దదో కొమ్ము ఆడదానికీ ఉంటుంది, అందుకని వెనక్కి తిప్పి చూడు, తోక కొస దగ్గర ఎర్రటి నూగు దట్టంగా ఉంటే ఆడది, నున్నగా ఉంటే మగది. ఇంకా కొన్ని నెలలు బతకొచ్చు.

ఇంక మీ తాత. ఆయన మాట నూటికి నూరు పాళ్ళు కరెక్టు. ఇది టెంకాయ చెట్టు మొవ్వులోకి తొలుచుకుని పోయి, ఇంకా విప్పుకోని ఆకుల్ని నమిలి రసం తాగుతుంది, ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో త్రికోణంగా కత్తిరించినట్టు ఉంటుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు తలెత్తి చూడు. ఆ గాయాల్లోకి ఎర్రముక్కు పురుగు కూడా చేరిందంటే చెట్టే పోతుంది. 1909లో సిలోన్ నుంచి రబ్బరు మొక్కలతో పాటు ఇది సమోవా దీవులకి చేరి అక్కడి టెంకాయ తోటల్ని గుల్ల చేసింది. దాన్ని అదుపు చేసింది ఏంటో తెలుసా, ఒక వైరస్. 1963లో మలేషియాలో హ్యూగర్ అనే ఆయన జబ్బు చేసిన ఈ పురుగు గొంగళ్ళని పరీక్షించి కనిపెట్టాడు, 1967లో సమోవాలో వదిలారు. అంటే ఒకాయన కూర్చుని రోగమొచ్చిన గొంగళ్ళని శ్రద్ధగా చూశాడన్నమాట, మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించు. నువ్వు మాత్రం దాన్ని జాలిపడి ఏ తోట పక్కనా వదలొద్దు, తెచ్చినావు కాబట్టి పోయేదాకా నీ దగ్గరే ఉండాలి. శేషాచలం అడవిలోకి పోయి పురుగులు పట్టుకొచ్చే పని కూడా పెట్టుకోవద్దు, అది నేషనల్ పార్కు, కేసవుతుంది. వీధి లైటు చాలు నీకు.

చదువుంది, ఎంటమాలజీ అంటారు. బైపీసీ తీసుకునే ఉన్నావు కాబట్టి ఈఏపీసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్, తర్వాత ఎమ్మెస్సీలో ఎంటమాలజీ. ఎక్కడికో పోనక్కర్లేదు, ఎస్వీ అగ్రికల్చర్ కాలేజీ మీ ఊర్లోనే 1961 నుంచీ ఉంది. సెలవుల్లో తాత దగ్గరికి పోయి ఎరువు దిబ్బ తిరగేద్దాం రమ్మను. బొటనవేలంత లావుగా, తెల్లగా, సున్నా చుట్టినట్టు ముడుచుకుని దొరుకుతాయి గొంగళ్ళు. అన్నీ ఆయనకిచ్చేసి రెండు నువ్వు అడుక్కో, అవి ప్యూపా అయ్యేదాకా తేదీలేసి బొమ్మలు గీయి. ఇస్తాడులే, కాస్త తిట్టి ఇస్తాడు.

ప్రశ్న: మా రెండో క్లాసు వాడు వాన పడగానే ఆరుద్ర పురుగుల్ని డబ్బాలో పోసి మంచం కింద దాస్తున్నాడు. ప్రమాదమా?
(ఒక తల్లి, చిత్తూరు)

జవాబు: వాడికేం కాదు, పోయేది ఆ పురుగులే. డబ్బాలో ఎండిపోతాయి. వాడి చేత కాళ్ళు లెక్కపెట్టించండి, ఎనిమిదుంటాయి, అది సాలెపురుగు చుట్టం. లెక్క అయిపోయాక ఎక్కడ పట్టాడో అక్కడే తడి మట్టిలో వదిలి రమ్మనండి, మంచం కింద ఇంకో డబ్బా ఉందేమో కూడా చూడండి.